దారి ఎవరిది?

ఆగస్టు నెలాఖరున, ఇంగ్లండుకి దక్షిణాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ముగ్గురు మిత్రులతో కాలినడకన తిరిగాను. టెనిసన్ మహాకవి 1853లో కాపురం పెట్టిన చోటికి దగ్గర్లోనే, ఆయన పేరు పెట్టుకున్న గుట్ట ఉంది. ఒక పక్క పచ్చిక, మరో పక్క తెల్లటి సుద్దరాతి కొండ, కింద సముద్రం. చూసి తీరాలి లెండి!

గుట్ట దిగాక దారి ఎవరిదో పొలం మధ్యనుంచి పోయింది. నేను జంకాను.

"భయమెందుకోయ్? ఇరవై ఏళ్లపాటు జనం బాహాటంగా నడిచినా ఆసామీ కాదనకపోతే, అది జనం దారే. 1980 నాటి చట్టంలో ఉంది. పొలం ఆయనది, నడక మనది. గేటు మాత్రం ఎలా ఉన్నది అలా వదలాలి" అన్నాడు మిత్రుడు, కంచెమీది బ్లాక్‌బెర్రీలు నా దోసిట్లో పోస్తూ.

ఆ పళ్లు గొంతు దిగలేదు.

మా ఊళ్లో చెరువుకెళ్లే కాలిబాట మా మామిడితోట గుండా పోయేది. తాతల నాటి దారి. కాయలు కోస్తున్నారని నేనే ముళ్లకంచె వేయించాను. పోయినవి మహా అయితే బుట్టెడు కాయలు. ఓ ముసలావిడ "ఎందుకు బాబూ?" అని మాత్రం అడిగి, బిందెతో చుట్టూ తిరిగి వెళ్లింది.

తోట నాదే, దస్తావేజు ఉంది. కానీ సొంతమంటే పదిమందినీ బయట నిలబెట్టడమేనా?

ఊరెళ్లగానే కంచెకి గేటు పెట్టించాలి. వెళ్లేప్పుడు వేసి వెళ్లమని ఆవిడకి చెప్పాలి. అంతకుముందు, క్షమించమని అడగాలి.