బండను పట్టుకొన్న చిన్న జీవి

ధ్యానభాగములు: కీర్తనలు 104, రూతు 1వ అధ్యాయము



మన నగరి వారికి బండ యనగా క్రొత్త సంగతి కాదు. నిద్ర లేచి తలుపు తీసిన కొండయే కనబడును. పూర్వము చెన్నపట్టణపు తీరమునకు వచ్చు ఓడవాండ్రు సముద్రముమీద నుండి నగరి ముక్కును చూచి దారి గుర్తుపట్టెడివారు. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ కొండల రాతికి మన ఊరి పేరే పెట్టి నగరి క్వార్ట్‌జైట్ అనిరి. ఒకనాటి ఇసుకయే గట్టిపడి ఈ రాయి అయినదట. అయితే మనలో అనేకులకు సముద్రమును గూర్చి తెలిసినది తక్కువ. నేనును అట్టివాడనే.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సభ నిమిత్తము విశాఖపట్టణము వెళ్లితిని. మన తెలుగు తీరము చాలమట్టుకు ఇసుక తీరమే గాని, విశాఖ, భీమునిపట్నము ప్రక్కల బండలు నీటిలోనికి దిగియుండును. సాయంకాలము ఆటు సమయమున, కాలేజీలో జంతుశాస్త్రము చెప్పు ఒక సహోదరుడు నన్ను ఆ బండల మీదికి తీసికొనిపోయి, “ఇది చూడండి అయ్యగారూ” అనెను. నాకేమియు కనబడలేదు. బండయే కనబడెను. ఆయన వ్రేలు పెట్టి చూపిన తరువాతనే, రాతిమీద రాతివలె అంటుకొనియున్న, బొటనవ్రేలంత పొడవైన ఒక జీవి కనబడినది. దానిని కైటాన్ అందురు. నత్తలకును ఆలుచిప్పలకును బంధువు. నత్తకు ఒకే గుల్ల, ఆలుచిప్పకు రెండు. దీనికి వీపుమీద ఎనిమిది పలకలు, ఇంటి పెంకులవలె ఒకదానిమీద ఒకటి ఎక్కి, చుట్టు ఒక దట్టమైన అంచులో ఇమిడియుండును. అందుచేత గుంటలోనైనను గట్టుమీదనైనను బండ వంపునుబట్టి వంగగలదు. లోకములో ఇట్టివి సుమారు వేయి జాతులు.

నేను దానిని వ్రేలితో కదిలింప జూచితిని. మొదట కొంచెము సందు ఉండెను గాని, తాకిన వెంటనే అది బండకు బిగిసిపోయినది. ఇక కదలలేదు. దాని కడుపుక్రింద అంతయు ఒకే పాదము. నీరు తీసిపోయి ఎండ కాయునప్పుడు ఆ తడి ఆరిపోకుండ బండను అదుముకొనియుండును. ఒకవేళ ఎవరైనను పెరికివేసిన యెడల, రోకలిబండ పురుగువలె ఉండ చుట్టుకొనును.

దాని నోటి సంగతి మరియు ఆశ్చర్యము. నాలుకవంటి పట్టీమీద వరుసలు వరుసలుగా పండ్లుండును. ఆ పండ్లకు అయస్కాంతము ఆకర్షించు ఇనుపరాయి తొడుగు ఉన్నదని 1962లో లోవెన్‌స్టామ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఆ పండ్లతో బండమీది నాచును గీకి తినును. ముందు వరుస అరిగిపోగా వెనుకనుండి క్రొత్త వరుస వచ్చును. వెస్టిండీస్ దీవులలోని ఒక జాతికి వీపు పలకలలోనే వందల కొలది చిన్న కన్నులున్నవి. ఆ కన్నుల అద్దములు రాతి పదార్థముతోనే చేయబడినవని 2011లో ప్రకటించిరి. పైన నల్లని బిళ్ల కనబడగానే అది బండను అదుముకొన్నదట.

లేవీయకాండము 11వ అధ్యాయము ప్రకారము రెక్కలును పొలుసులును లేని ఈ జీవి తినదగినది కాదు. అయినను 104వ కీర్తన సముద్రములోని లెక్కలేని జీవులను గూర్చి పాడినప్పుడు దీనిని విడిచిపెట్టలేదు.

ఇప్పుడు నా తప్పిదమును చెప్పవలెను. ఊరికి తిరిగి వచ్చిన తరువాతి ఆదివారము నేను ఈ జీవిని గూర్చియే ప్రసంగించితిని. మగ్గములకు పని తగ్గిన దినములవి. నేతపని చేయు మన కుటుంబములలో కొందరు యౌవనులు చెన్నైకి, తిరుప్పూరుకు పోయియుండిరి. గుడిలో చాపలు ఖాళీగా కనబడుచుండెను. నా మనస్సు నొచ్చుకొని, రూతు మొదటి అధ్యాయము తీసి, బేత్లెహేమును విడిచిపోయిన ఎలీమెలెకు గతి చూడుడనియు, ఈ చిన్న ప్రాణి అలలు కొట్టినను బండను విడువదనియు, మనవారు కొంచెము కరవుకే విడిచిరనియు గట్టిగా చెప్పితిని. బాగుగా చెప్పితినని కూడ తలంచితిని.

ఆరాధన అయిన పిమ్మట ఒక విధవరాలు గుమ్మము దగ్గర నిలిచియుండెను. ఆమె ఇద్దరు కుమారులు పోయినవారే. ఆమె కోపపడలేదు. “నా బిడ్డలు దేవుణ్ణి ఇడిసి పోలేదయ్యా. కూటికోసరం పొయినారు. అప్పు మీరు కడతారా?” అని మాత్రము అడిగి, వెళ్లిపోయెను. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.

మరునాడు ఆ విశాఖ సహోదరునికి ఫోను చేసి, ఈ జీవి ఎల్లప్పుడును ఒకే చోట ఉండునా అని అడిగితిని. ఆయన నవ్వెను. “ఉంటే ఆకలితో చచ్చిపోదా అయ్యగారూ?” అనెను. ఒకే చోట నాచు ఎంతకాలము ఉండును? అనేక జాతులు పగటి యెండలో అంటుకొనియుండి, రాత్రివేళ, తడి ఉన్నప్పుడు, మేతకు బయలుదేరును. హిందూ మహాసముద్రపు తీరములలో నుండు ఒక పెద్ద జాతి అట్లు మేసి, తెల్లవారక మునుపే బండలో తన శరీరమునకు సరిపడిన గుంటలోనికే మరల వచ్చును. సున్నపురాతిమీద ఆ గుంటలు స్పష్టముగా కనబడునట. నేను ఆటు సమయములో పది నిమిషములు చూచి, దాని జీవితమంతయు తెలిసినట్లు ప్రసంగించితిని.

రూతు గ్రంథమును కూడ మరల చదివితిని. ఎలీమెలెకు కరవువలన పోయెనని అక్కడ ఉన్నది; చనిపోయెనని ఉన్నది. పోయినందున దేవుడు చంపెనని ఆ అధ్యాయములో ఎక్కడను లేదు. ఆ మాట నేను చేర్చినది. తన ప్రజలకు దేవుడు ఆహారమిచ్చెనని విని నయోమి తిరుగు ప్రయాణమాయెను. అంతే. హారానుకు పోవు దారిలో రాయి తలగడగా పండుకొన్న యాకోబు కూడ ఇల్లు విడిచినవాడే. దేవుడు అతనితో మాటలాడినది ఆ దారిలోనే.

పట్టణమునకు పోయి ప్రార్థన మరచినవారు లేరని నేను చెప్పను. ఉన్నారు. ఊరిలోనే ఉండి మరచినవారు అంతకంటె తక్కువమంది కారు, వారి చాపలు ఖాళీగా ఉండవు గనుక నేను గమనింపలేదు.

తరువాతి ఆదివారము అదే స్థలమున నిలిచి, అదే అధ్యాయము చదివి, నేను చెప్పినది తప్పని సంఘము ఎదుట ఒప్పుకొంటిని. పోయినవారి పేర్లు తండ్రుల చేతను, తల్లుల చేతను చెప్పించి ప్రార్థన చేసితిమి. పదునొకండు పేర్లు వచ్చినవి.

ఆ విధవరాలి పెద్ద కుమారుడు వీలైన ప్రతి నెల మొదటి ఆదివారము రైలెక్కి వచ్చుచున్నాడు. ఒక్కొక్కప్పుడు రెండవ కీర్తన పాడు వేళకు గాని చేరడు. ఎడమ ప్రక్క కిటికీ క్రింద, చిన్ననాటినుండి కూర్చుండు చోటనే కూర్చుండును. అతడు రాని ఆదివారములలో కూడ అతని తల్లి అక్కడ ఎవరిని కూర్చుండనియ్యదు.