ఏనాటి వీణ?

నాన్నమ్మ వీణ బాగుచేయించడానికి నూజివీడు తీసుకెళ్తే, మేస్త్రి దాన్ని ఒళ్ళో బోర్లించుకుని అడిగిన మొదటి మాట: "ఏనాటిలా చెయ్యమంటావమ్మా?"

పాతది పాతలాగే చెయ్యండి బాబాయ్ గారూ అన్నాను. ఆయన నవ్వి వేలు పెట్టి చూపించాడు. పనసచెక్క కుండ, దండి మొదటివే. 24 మెట్లూ, వాటి కింది మైనమూ ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. యాళి ముఖం వేరే చేతిపని. బిరడాలు తర్వాతి కాలానివి. గుర్రం పక్కన బెజ్జం మా అత్త మైకు పెట్టించినప్పటిది. కుండ అడుగున పాలిష్ గీకిన చోట మాత్రం, చెక్కలోకి లోతుగా, ఒక ఆడమనిషి పేరు ఉంది. మా ఇంట్లో ఎవరిదీ కాదు.

ఇదే ప్రశ్న అంతకుముందు నాకు విమానాల దగ్గర ఎదురైంది. పాత రేసు విమానాలు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్ళాయో చదవడం నాకో పిచ్చి. 1934 అక్టోబరులో ఇంగ్లండులోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్‌కి జరిగిన రేసు కోసం డీ హావిలాండ్ కంపెనీ 'కామెట్' అనే చెక్క విమానాలు మూడు కట్టింది. ఎర్రటిది 'గ్రోవనర్ హౌస్', ఆ పేరుతోనే ఉన్న లండన్ హోటల్ మేనేజింగ్ డైరెక్టరుది. స్కాట్, కాంప్‌బెల్ బ్లాక్ దాదాపు 71 గంటల్లో నడిపి గెలిచారు. నలుపూ బంగారు రంగుది 'బ్లాక్ మ్యాజిక్', మాలిసన్ దంపతులది. అది రికార్డు వేగంతో కరాచీ చేరింది. ఆ తర్వాత దారితప్పి జబల్‌పూర్‌లో దిగింది. అక్కడ దొరికిన నాసిరకం పెట్రోలుతో ఇంజన్లు పాడై అలహాబాద్‌లో ఆగిపోయింది.

గెలిచిన విమానం సంగతి చూడండి. బ్రిటిష్ వైమానిక దళానికి వెళ్ళి, దెబ్బతిని, తుక్కు కింద అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు మళ్ళీ నిలబెట్టారు. 1937లో 'ఆర్ఫన్', అంటే అనాథ, అనే పేరుతో ఇంకో రేసులో ఎగిరింది. అదే ఏడు ఒక బట్టల కంపెనీ పేరు తగిలించుకుని 'బర్బెరీ'గా కేప్‌టౌన్ వెళ్ళొచ్చింది. తర్వాత ఏళ్ళ తరబడి టార్పాలిన్ కింద పడుంది. 1965లో షటిల్‌వర్త్ కలెక్షన్‌కి చేరి, 1987లో మళ్ళీ ఎగిరింది. 1934 నాటి ఎర్ర రంగులో. అనాథ, బర్బెరీ రెండూ రంగు కింద మాయం.

ఇక్కడ చాలామంది థీసియస్ ఓడను తెస్తారు. పలకలన్నీ మార్చాక అది అదే ఓడా అని. మామిడి ఊళ్ళవాళ్ళకి ఇదంత పెద్ద చిక్కు కాదనుకుంటాను. చిన్నరసం అంటు కడితే వేరు ఎవరిదైనా కాయ చిన్నరసమే. నాకు చిక్కనిపించేది వేరే. బాగుచెయ్యడమంటే ఒక వస్తువు బతుకులోంచి ఒక రోజును ఎంచుకుని, మిగతా రోజుల మీద రంగు వెయ్యడం. ఆ రోజును ఎంచేది ఎప్పుడూ ఇప్పటి యజమానే.

బ్లాక్ మ్యాజిక్‌ని రేసు తర్వాత పోర్చుగల్ కొని, తమ నియంత పేరే పెట్టింది: 'సలజార్'. 1979లో దాని శిథిలాలు అక్కడ దొరికాక ఇంగ్లండుకి తెచ్చి బాగుచేయడం మొదలుపెట్టారు, బ్లాక్ మ్యాజిక్‌గానే. నేనైనా సలజార్ అని రాయించను. రాయించకపోయినా పోయేదేం లేదు, విమానానికి రిజిస్ట్రేషన్ కాగితాలుంటాయి.

వీణకి కాగితాల్లేవు.

ఫోన్ చేసి అడిగితే అత్త తేలిగ్గా అనేసింది, "ఆ రోజుల్లో భోగంవాళ్ళ దగ్గర చవగ్గా వచ్చిందిలే." 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ చట్టం తెచ్చింది, మరుసటేడు జమీందారీల రద్దు చట్టం వచ్చింది. దేవదాసీ చట్టం కావాలని ఆ కులాల్లోంచే పోరాడిన ఆడవాళ్ళున్నారు, అది తప్పని నేననను. కానీ కలావంతుల ఇళ్ళల్లోంచి సంగీతం మర్యాదస్తుల ఇళ్ళల్లోకి నడిచొచ్చిన రోజులవి, దాంతోపాటు వీణలూ వచ్చాయి. నాన్నమ్మకి అది పెళ్ళి కానుక. పేరు మీద పాలిష్ ఎప్పుడు పడిందో అత్తకీ తెలీదు. నాన్నమ్మ అంత బాగా వాయించిన వీణ మీద ఇంకొకరి వేళ్ళు ఉన్నాయని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

పేరు బయట ఉంచితే ఆవిడకి న్యాయం జరిగిపోతుందా? లేదు. ఆవిడ నష్టాన్ని మా హాల్లో అలంకారంగా పెట్టుకున్నట్టవుతుందేమో కూడా. ఆ పేరు ఇక్కడ రాయట్లేదు, ఆవిడ మనుషులెవరో వెతికి అడగాలి ముందు. కానీ పాలిష్ వేసేస్తే వెతకడానికి ఆ ఒక్క కాగితమూ ఉండదు.

అక్కడ ఏమీ వెయ్యొద్దని చెప్పాను. "వట్టి చెక్క చెమ్మ పడుతుందమ్మా," అన్నాడు మేస్త్రి. కాసేపు బొటనవేలితో అక్షరాల్ని తడిమి, "రంగు లేని పాలిష్ వేస్తాలే, కనపడుద్ది," అన్నాడు.

అత్తకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంటికొచ్చినవాళ్ళు ఎవరిదే ఈ పేరు అంటే ఏం చెప్తావే?" అంది.