తోటమాలి అడిగిన గడువు

ధ్యానభాగము: లూకా 13:6–9



అంజూరపు చెట్టును గూర్చిన ఉపమానము మనము అనేక మారులు వినియున్నాము. మూడేండ్లు చూచినను చెట్టు కాయలేదు. యజమానుడు విసిగి, భూమి దండుగ, కొట్టివేయుమనెను. లెక్క తెలిసిన ఏ రైతయినను అట్లే యనును. అయితే తోటమాలి ఇంకొక్క యేడు గడువు అడిగెను. ఊరక అడుగలేదు. పాదు త్రవ్వెదను, ఎరువు వేసెదను అని తన చేతి కష్టమును పూచీ పెట్టి అడిగెను. ఈ ఉపమానము మారుమనస్సును గూర్చి చెప్పబడినది. అయినను ఆ తోటమాలి గుణమును మన సంఘములలో మరియొక చోట కూడ ధ్యానింపవలసియున్నది.

కాయని చెట్లని లోకము లెక్క కట్టిన మనుష్యులు మన యూళ్లలో ఎందరో గలరు. మతి చలించెనని వెనుక గదిలో నుంచబడిన కొడుకు, పక్షవాతముతో మంచమెక్కిన తండ్రి, కుష్ఠు నయమైనను వ్రేళ్లు తిరిగి రాని తల్లి, బుద్ధి ఎదుగని పిల్ల, జైలునుండి వచ్చిన తమ్ముడు, మనుమని పేరు మరచిన అవ్వ. వీరి కొరకు మనము ప్రార్థన చేయుచున్నాము, అన్నము పెట్టుచున్నాము. అది మంచిదే. కాని వీరి చేతికి ఒక పని యిచ్చి, ఇది నీది, దీనిని నీవు చూచుకొనుము అని చెప్పువారు అరుదు. మొక్కల పెంపకము ద్వారా ఇట్టివారికి మేలు చేయు పద్ధతి ఒకటి లోకములో నడచుచున్నది. దానిని తోట చికిత్స యందురు.

ఇది నిన్న పుట్టినది కాదు. పిచ్చివారిని గొలుసులతో కట్టి యుంచుట వాడుకగా నున్న దినములలో, ఇంగ్లండులోని యార్కు పట్టణమున విలియం ట్యూకు అను క్వేకరు క్రైస్తవుడు, తన సంఘస్థులతో కూడి, 1796లో ఒక ఆశ్రమము తెరచెను. అక్కడ గొలుసులు లేవు. మర్యాద, తోట, చేతినిండ పని యుండెను. 1812లో అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ తన గ్రంథములో ఒక సంగతి గుర్తించెను. ఆసుపత్రిలో తోట త్రవ్వి, కట్టెలు కొట్టి, బట్టలుతికిన రోగులు తరచుగా కోలుకొనుచుండగా, గొప్పింటివారమని పని ముట్టని రోగులు అక్కడనే కృశించిపోవుచుండిరట. ఫిలడెల్ఫియాలో క్వేకరులు 1817లో తెరచిన ఆసుపత్రి, 1879లో రోగుల కొరకే మొక్కలు పెంచు అద్దాల గృహము కట్టించెను.

తరువాతి కాలమున పరీక్షించి చూచినవారును గలరు. 1984లో రోజర్ ఉల్రిచ్ అను పండితుడు, అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయము తీయించుకొనిన 46 మంది రోగుల వ్రాతలు పరిశీలించెను. వారిలో సగము మందికి కిటికీలోనుండి చెట్లు కనబడెను, సగము మందికి ఇటుక గోడ కనబడెను. చెట్లు కనబడినవారు ఇంచుమించు ముప్పావు దినము ముందుగా ఇంటికి వెళ్లిరి, బలమైన నొప్పి మందులు తక్కువ తీసికొనిరి. చెట్టును చూచుటయే అంత మేలు చేయగా, చేతితో పెంచుట ఎంత మేలు చేయవచ్చునో ఆలోచించుడి.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న దాటిపోరాదు. ఈ పత్రిక చదువు మనలో అనేకులు కూలి జనము. తరతరములు పరుల పొలములో నడుము వంచినవారి బిడ్డలము. అట్టివానితో మట్టి పని నీకు ఔషధమని చెప్పుట ఎగతాళి కాదా? ఈ ప్రశ్న న్యాయమైనది. పూర్వము అనేక పిచ్చాసుపత్రులు తమ పొలములను రోగుల వెట్టిచేతనే నడిపించి, దానికి చికిత్స యని పేరు పెట్టినవి. అమెరికాలో 1973లో ఒక న్యాయస్థానము, ఆసుపత్రి కొరకు పనిచేయు రోగికిని కూలి చట్టము వర్తించునని తీర్పు చెప్పవలసి వచ్చెను.

దీనికి వాక్యమే జవాబిచ్చుచున్నది. ఆదికాండము 2:15 చూడుడి. నరుని తోటలో నుంచి సేద్యము చేయుమని దేవుడు చెప్పినది శాపమునకు ముందే. ముండ్లును చెమటయు 3వ అధ్యాయములో వచ్చినవి. కాబట్టి మట్టి పని వేరు, మట్టిలోని బాధ వేరు. యెషయా 65వ అధ్యాయములో దేవుడు క్రొత్త లోకమును వాగ్దానము చేయుచు, నాటినవారే తమ ఫలము తిందురనియు, ఒకడు నాటగా మరియొకడు తినుట యుండదనియు తెలియజేసెను. వెట్టికిని తోటకును భేదమదే. ఏమి నాటవలెనో ఎన్నుకొను స్వాతంత్ర్యము, పెంచు బాధ్యత, ఫలము మీద హక్కు, ఈ మూడును లేనిచోట అది చికిత్స కాదు.

ఇది మాట వరుసకు చెప్పునది కాదు. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అను ఇద్దరు స్త్రీలు అమెరికాలోని ఒక వృద్ధాశ్రమములో చేసిన పరీక్షను ప్రకటించిరి. ఒక అంతస్తులోని వృద్ధులకు, మీ సంగతులు మీరే నిర్ణయించుకొనుడి, ఈ మొక్కను మీరే పెంచుడి అని చెప్పిరి. మరియొక అంతస్తువారికిని మొక్క ఇచ్చిరి గాని, నీళ్లు నర్సులు పోయుదురనిరి. మూడు వారములలో మొదటివారు ఎక్కువ హుషారుగా, సంతోషముగా నుండిరి. మొక్క ఇద్దరికిని ఒక్కటే. తేడా ఎవరు నిర్ణయించుకొనిరి, ఎవరి చేయి నీళ్లు పోసెను అను వాటిలో యుండెను.

మనకు సమీపముననే మరియొక సాక్ష్యమున్నది. తెలంగాణ సరిహద్దు నానుకొనియున్న చంద్రపురము జిల్లాలో, వరోరా యొద్ద, 1951లో బాబా ఆమ్టే ఆనందవనము స్థాపించెను. ఆయన క్రైస్తవుడు కాడు, వకీలు వృత్తి విడిచినవాడు. ఆరుగురు కుష్ఠు రోగులు, ఒక కుంటి ఆవు, పదునాలుగు రూపాయలు, ఇదే వారి మూలధనమని చెప్పుదురు. రాతి నేలలో బావి త్రవ్వి, కూరగాయలు పండించిరి. భిక్షాపాత్ర పట్టిన చేతులే పార పట్టినవి. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా 1982లో పోల్స్‌మూర్ చెరసాలకు మార్చబడినప్పుడు, పదునారు నూనె పీపాలను రెండేసి ముక్కలుగా కోయించి, మిద్దె మీద తోట వేసెను. ఒకప్పుడు దాదాపు 900 మొక్కలుండెనట. ఆ కూరలు తోటి ఖైదీలకును, తనను కావలి కాయువారికిని పంచిపెట్టెను. శత్రువునకు అన్నము పెట్టుమను వాక్యము (రోమా 12:20) మనకు జ్ఞాపకము రాక మానదు.

ఇక ఆచరణ సంగతి చెప్పుకొందము. అందరికిని ఒకే విధముగా పని చెప్పరాదు.

బుద్ధి నెమ్మదిగా ఎదుగు పిల్లలకు చిక్కుడు వంటి పెద్ద గింజలు ఇయ్యుడి. దినమునకు ఒక్క పనియే నేర్పుడి. మెంతులు మూడు నాలుగు దినములలో మొలచును గనుక వారి ఆశ చప్పబడదు. చూపు లేనివారికి మరువము, దవనము, పుదీన నాటించుడి. మడి అంచున త్రాడు కట్టినయెడల దానిని పట్టుకొని తామే నడువగలరు. పక్షవాతమువారికి, చక్రముల కుర్చీలో నుండువారికి మడి రెండు రెండున్నర అడుగుల ఎత్తున కట్టి, పనిముట్టు పిడికి గుడ్డ చుట్టి లావు చేయుడి. కుష్ఠు వలన స్పర్శ పోయినవారికి చేతి తొడుగులు, చెప్పులు తప్పక యుండవలెను. పని ముగిసిన పిమ్మట చేతులు, పాదములు పరీక్షింపవలెను, ఏలయనగా గాయమైనను వారికి తెలియదు. జ్ఞాపకము తప్పిన వృద్ధులకు దారి గుండ్రముగా తిరిగి మొదటికే వచ్చునట్లు వేయుడి. పేర్లు మరచిన అవ్వ మృగశిర కార్తెలో ఏమి విత్తవలెనో చెప్పవచ్చును. అప్పుడు ఆమెను శిష్యులవలె అడుగుడి. త్రాగుడు మానజూచువానికి, చెరనుండి వచ్చినవానికి, ప్రతిదినము నీళ్లు పోయు బాధ్యత అప్పగించుడి. మొక్క అతని గతమును అడుగదు, ఈ దినము నీళ్లు పోసెనా లేదా అనునదే దానికి కావలసినది.

జాగ్రత్తలును గలవు. తోట వైద్యునికి బదులు కాదు. మానసిక రోగి మాత్రలు మానరాదు. కొన్ని మాత్రలు వేసికొనువారికి ఎండ పడదు గనుక, ఉదయ సాయంకాలములే పని, దగ్గర త్రాగునీరు ఉండవలెను. ధనుర్వాతపు సూది వేయించుడి. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదపు గింజలు ఆ తోటలో ఉంచరాదు. పురుగు మందు డబ్బా ఆ ఛాయలకే రానీయకుడి. దుఃఖములో నున్నవాని చేతికి అది అందరాదు. ఈ సంగతి ఎందుకు వ్రాయుచున్నామో మన పల్లెలకు చెప్పనక్కరలేదు.

సంఘ పెద్దలారా, మందిరము చుట్టు నున్న నేలను చూడుడి. కొన్నిచోట్ల తుమ్మ మొలచి ఊరకే యున్నది. అందులో నాలుగు మడులు చాలును. ఇంటిలో దాచబడిన ఒక్కరిని పిలువుడి. తోటకూర, బెండ, బంతి, ఏది కావలెనో వారినే అడుగుడి. నెల తిరుగకముందే తోటకూర కోతకు వచ్చును. కోసినది వారిదే. వారు సంతోషముతో ఒక కట్ట తెచ్చి కానుకగా నుంచినయెడల, ఆ ఆదివారము ఆ కానుకను పేరు పెట్టి కృతజ్ఞత చెప్పుడి. ఇన్నాళ్లు మన దయను పుచ్చుకొనుచుండిన మనిషి ఆ దినమున ఇచ్చువాడగును.

ఫలితము కొరకు తొందరపడకుడి. మార్కు 4వ అధ్యాయములోని విత్తువాడు రాత్రి నిద్రించుచు పగలు మేల్కొనుచుండగా, విత్తనము అతనికి తెలియకయే పెరిగెను. కొందరిలో మార్పు కొంచెమే కనబడును, కొందరిలో కనబడకపోవచ్చును. ఉపమానములోని చెట్టు మరుసటి యేడు కాచెనో లేదో ప్రభువు చెప్పలేదు. తోటమాలి పార పట్టుకొని నిలిచియుండగనే ఆ కథ ముగిసెను. మన వంతును అంతవరకే.

ప్రార్థన: నరుని మొదట తోటలో నుంచిన తండ్రీ, మేము దండుగని తలంచిన వారిని మాకు చూపించుము. వారి కొరకు గడువు అడుగు మనస్సును, పాదు త్రవ్వు చేతులను మాకు దయచేయుము. వృద్ధి నీవే కలుగజేయుము. యేసు నామమున, ఆమేన్.