చూచువాడు – చూడబడువాడు

ధనుర్మాసము వచ్చినదనగా లంబసింగికి జనప్రవాహము మొదలగును. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలమున, సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల ఎత్తున నున్న ఆ గ్రామమున వేకువజామున పడు మంచును చూచి వేడుకపడి, యాత్రికులు పెక్కురు మధ్యాహ్నమునకే కొండ దిగుదురు. దిగుచు, అచ్చటి గిరిజనులను గూర్చి కొందరు అమాయకులనియు, కొందరు అనాగరికులనియు తీర్పు చెప్పుదురు. ఒక పూట చూచినవానికి ఆ అధికారము కలదా? ఏండ్లకొలది నివసించిన పరదేశికైనను కలదా? ఇది విచారింపదగిన ధర్మసందేహము.

దీనికి చక్కని నిదర్శనము క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ జీవితము. 1909లో వియన్నా నగరమున జన్మించిన ఈ మానవశాస్త్రజ్ఞుడు, రెండవ ప్రపంచయుద్ధకాలమున శత్రుదేశీయుడుగా పరిగణింపబడి హైదరాబాదు సంస్థానమున ఉండవలసివచ్చెను. ఆ నిర్బంధమునే ఆయన అవకాశముగా మలచుకొనెను. భార్య బెట్టీతో కూడ నల్లమల చెంచుల నడుమను, లంబసింగి గల తూర్పుకనుమల వరుసలోనే గోదావరి తీరపు కొండరెడ్ల నడుమను, పిదప ఆదిలాబాదు గోండుల నడుమను నివసించెను. చెంచులను గూర్చి 1943లోను, కొండరెడ్లను గూర్చి 1945లోను గ్రంథములు ప్రకటించెను.

పరదేశి చూపునకు ఒక గుణము, ఒక దోషము కలవు. పుట్టిపెరిగినవాడు అలవాటుచేత గమనింపనిదానిని క్రొత్తవాడు గమనించును; ఇది గుణము. తన దేశపు కొలబద్దతో కొలిచి, అందు ఇమడనిదానిని లోపమనును, ఇది దోషము. దూరముగా, నిర్లిప్తముగా నిలిచినచో ఆ దోషము పోవునని కొందరందురు. సాక్షికి మమకారము తగదు గదా అని వారి వాదము. అది కొంతవరకు సత్యమే. కాని సాక్షికి ఉండరానివి రాగద్వేషములు. దయ ఉండరాదని ఏ శాస్త్రమును చెప్పలేదు.

1940లో కుమురం భీం మరణించిన పిమ్మట హైమన్‌డార్ఫ్ గోండుల బాధలను విచారించి, భూములు పరుల పాలగుటయే వానికి మూలమని గుర్తించెను. మార్లవాయి గ్రామమున గోండుబాలురకు వారి భాషలోనే చదువు చెప్పు ఏర్పాటు చేయించెను. నిజాం ప్రభుత్వపు కొలువులో నున్నవాడు నిష్పక్షపాతి ఎట్లగునని శంకింపవచ్చును. కాని ఆ కొలువు విడిచిన చాలకాలమునకు, 1982లో వెలువరించిన గ్రంథమునను, మైదానవాసులు గిరిజనభూములను ఆక్రమించుచున్న అన్యాయమునే ఆయన ఎత్తిచూపెను. 1987లో బెట్టీ మరణింపగా ఆమె సమాధి మార్లవాయిలోనే ఏర్పడెను. చూడబడినవారు చూచినవారిని తమవారిగా అంగీకరించిరి. చూపు యథార్థమనుటకు ఇంతకు మించిన పరీక్ష యేమి కలదు?

శ్రీవైష్ణవులకు ఈ మార్గము క్రొత్తది కాదు. చోళదేశము వీడి పడమరకు పోవుచున్న భగవద్రామానుజులను అడవిలో వేటగాండ్రు తేనెయు కొర్రపిండియు నొసగి ఆదరించిరని గురుపరంపరాకథలు చెప్పుచున్నవి. జగదాచార్యుడు ఆ పూట వనచరులకు అతిథి. విష్ణుచిత్తుల ఇంట పెరిగిన గోదాదేవి తిరుప్పావై వ్రతమున గొల్లకన్నె యయ్యెను. వారి నడకయు, వారి మాటయు, తుదకు మేని వెన్నవాసనయు ఆమెకు అబ్బెనని పెద్దలందురు. ఆమె వ్రేపల్లెను వెలుపలనుండి చూడలేదు. దానిలో ఒకతె యయ్యెను. ఎల్లవారిలోను అంతర్యామి ఒక్కడే యైనపుడు, ఒకరికొకరు పూర్తిగా పరదేశులు కానేరరు. గీత చెప్పిన సమదర్శనమునకు ఇదియే పునాది.

కావున ధనుర్మాసమున ఆ కొండ నెక్కు భక్తులు, తీర్పు చెప్పుటకు ముందు తాము అతిథులమని తలంపవలెను. గిరిజనుని మిరియములకును పసుపునకును తగిన వెల నిచ్చుట, అతని ముంగిట చెత్త విడువకుండుట, అతడు చెప్పునది ఓపికతో వినుట – ఇవియు భగవత్కైంకర్యములే. అతిథికి తీర్పు చెప్పు అధికారము లేదు. తీర్చుకొనవలసిన ఋణము మాత్రము కలదు.