గోదమ్మ చూపిన నడక

కాలినడకన పోయి దైవమును దర్శించుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. అలిపిరి మెట్లెక్కి తిరుమలకు పోవువారు, ఆషాఢ పూర్ణిమకు ముందునాడు సింహాచలగిరికి ప్రదక్షిణము చేయువారు, శనివారము నాడు మాత్రమే తలుపులు తెరచు మాలకొండ నరసింహుని సేవింప బయలుదేరువారు, వీరెవ్వరును మొగము ముడుచుకొని నడచువారు కారు. గోవిందనామముల నడుమ ఒకరినొకరు ఎగతాళి చేసికొందురు. అలసినవాని మూటను మఱియొకడు మోయును. పిల్లలు మెట్లు లెక్కించుచు నడుమ తప్పి, మరల మొదటికి వత్తురు. ఈ నవ్వు భక్తికి లోపమని ఏ ఆచార్యుడును చెప్పియుండలేదు.

అయితే ఇటీవల మా ప్రాంతపు భజన సమాజములోని యువకులు నన్నొక ప్రశ్న అడిగిరి. వరదపాలైన రైతుల సహాయార్థము పాటలతోను పరిహాసములతోను ఒక పాదయాత్ర సాగించి, నడచిన ప్రతి కిలోమీటరునకు ఇంతయని దాతలచే ఒప్పించి, ధనము కూర్పవలెనని వారి సంకల్పము. పెద్దలు కొందఱు దీనిని ఆక్షేపించిరి. ఒక ఇంట దుఃఖముండగా పొరుగువారు పాటలు పాడుదురా అని వారి మాట. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ముందుగా ఆ దుఃఖమెట్టిదో మనము తెలిసికొనవలెను.

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి, నీటిని పట్టియుంచు నేల. వాన మితముగా కురిసినపుడు ఆ గుణమే ప్రత్తికిని మిరపకును ప్రాణము. మితిమీరినపుడు ఆ గుణమే శత్రువగును. మిరపమొక్క మొదట రెండు మూడు దినములు నీరు నిలిచినచో వేరునకు గాలి అందక కుళ్లును. పచ్చగా కనబడిన చెట్టే ఎండ కాయగానే వడలి తలవాల్చును. ప్రత్తికాయ విచ్చువేళ వాన పడినచో దూది రంగుమారి అంగడిలో విలువ కోల్పోవును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినపుడు కోతకు వచ్చిన వరి నేలకొరిగినది, మిరప చేలలో నీరు నిలిచినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణమ్మ ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులను మించి పరుగిడినది. 1957లో ఆ బ్యారేజి వెలసినది మొదలు అంతటి వరద ఎఱుగము. కొల్లూరు, భట్టిప్రోలు ప్రాంతపు లంకలలో అరటి, పసుపు తోటలు నీట మునిగినవి.

ఈ నష్టములో మిక్కిలి బరువు మోయువాడు కౌలురైతు. విత్తనమునకు, ఎరువునకు, పురుగుమందునకు అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టువాడతడు. పట్టా మాత్రము మఱియొకరి పేర నుండును. కాగితమేదియు లేనిచో నష్టపరిహారపు పట్టికలో అతని పేరు చేరుట కష్టము. అట్టి రైతొకడు నాతో అన్న మాట నేను మఱువజాలను. "పంతులుగారూ, ఓసారి ఎవరో వచ్చి బియ్యం పంచారండి. సంచి పుచ్చుకుంటూ ఫొటోకి నిలబడమన్నారు. మా అమ్మాయి బళ్లో పిల్లలంతా ఆ ఫొటో చూశారు. ఆ బియ్యం వండుకున్నాం గానీ, ముద్ద దిగలేదండి" అనెను. ఇచ్చినవారు నవ్వుచు ఇచ్చిరో ఏడ్చుచు ఇచ్చిరో అతనికి జ్ఞాపకము లేదు. తన తల వంగినదన్నదే అతనికి మిగిలిన జ్ఞాపకము.

చదువు ముగించి గురుకులము వీడి పోవు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశము తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో కలదు. అందు దానమును గూర్చి చెప్పుచు, శ్రద్ధతో ఈయవలెనని చెప్పి, సిగ్గుతో ఈయవలెనని కూడ చెప్పినాడు. సిగ్గు పుచ్చుకొనువానికి విధింపబడలేదు, ఇచ్చువానికి విధింపబడినది. ఏల? ఇచ్చునది తన సొత్తు కాదు, నారాయణుని సొత్తు. పైగా ఎంత ఇచ్చినను చాలదు. ఈ రెండును తెలిసినవాడు తల ఎత్తి ఈయజాలడు. నేడు ఆ సిగ్గు తారుమారై, ఇచ్చు చేయి పైకెగయుచున్నది, పుచ్చుకొను మొగము క్రిందికి వాలుచున్నది. కావున యువకుల యాత్రలో నవ్వు ఉండవచ్చునా అనుదానికన్న, ఆ యాత్రవలన ఎవరి తల వంగునను ప్రశ్నయే ముఖ్యమైనది.

దీనికి సమాధానము మన శ్రీవైష్ణవ గృహములలో ప్రతి ధనుర్మాసమునను అనుసంధింపబడుచున్న తిరుప్పావైలోనే దొరకును. ముప్పది పాశురములలో ఆరవది మొదలు పదునైదవది వరకు గోదాదేవి పదిమంది చెలులను నిద్ర లేపును. ఆ లేపుటలో ఎంత పరిహాసమున్నదో పెద్దల వ్యాఖ్యానములు విన్నవారికి తెలియును. తలుపు తీయని ఒకతెను కుంభకర్ణుని నిద్రతో ముడిపెట్టి ఎత్తిపొడుచును. మఱియొకతె లోపలినుండియే బదులు చెప్పగా మాటకు మాట సాగును. చలిలో, చీకటిలో, నవ్వుకొనుచు సాగిన నడక అది. కాని ఆ నడకకు ముందు రెండవ పాశురమున గోదమ్మ కట్టుబాట్లు చేసినది: నేయి ముట్టరాదు, పాలు త్రావరాదు, కాటుక పెట్టరాదు, పూలు ముడువరాదు, శక్తికొలది దానము చేయవలెను. మూడవ పాశురమున నెలకు మూడు వానలు కురియవలెనని కోరినది, అవియు కీడు చేయని వానలు కావలెనని కోరినది. వానకోరునపుడు ఆ ఒక్క మాట చేర్చిన తల్లికి రైతు కడుపుకోత తెలియదని ఎవరనగలరు? పరిహాసమును, నియమమును, పొరుగువాని పంటను ఒక్క వ్రతములో కట్టియుంచినది ఆమె. మన యువకులు క్రొత్తగా కనిపెట్టినది ఏమియు లేదు.

పరులకొఱకు చేయి చాచుట ఎట్టిదో వామనమూర్తి చూపినాడు. సర్వలోకములకు ప్రభువైనవాడు పొట్టి వటువై, గొడుగు పట్టి, చిన్న అడుగులు వేయుచు బలి యజ్ఞశాలకు నడచి వచ్చినాడు. ఆ మూర్తిని చూచి సభయంతయు ముచ్చటపడినది. ఆయన యాచించినది తనకొఱకు కాదు, రాజ్యము పోగొట్టుకొన్న ఇంద్రునికొఱకు. యాచనలోని చిన్నతనము ఇంద్రునికి అంటకుండ తానే పైన వేసికొనినాడు. సహాయార్థము నడచువాడు చేయవలసినది ఇదియే. రైతు అడుగవలసిన అడుగుట వీడు అడుగును. రైతు పడవలసిన సిగ్గు వీడు పడును. అట్టివానికి పెదవిపై చిరునవ్వు లేనిచో ఆ బరువు మోయుట సాధ్యమా?

మన కాలముననే ఇది జరిగియున్నది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను, చుట్టుపట్ల తీరగ్రామములను ముంచి వేలకొలది ప్రాణములు గొనిపోయినది. అపుడు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు మొదలగు నటులు జోలెపట్టి వీధులలో తిరిగి విరాళములు కూర్చిరి. తెరపై రాముడు, కృష్ణుడు అయినవారు వీధిలో భిక్షుకులై నిలిచిరి. వారిని చూచు వేడుక జనులకు సహజము. ఆ వేడుకయే జోలెలో ధనమై, బాధితులకు అన్నవస్త్రములైనది. దుఃఖమును వారు వేడుక చేయలేదు, వేడుకను దుఃఖితుల సేవకు మలచిరి.

కనుక యువకులకు నా మనవి ఇది. రానున్న ధనుర్మాసమున పొన్నూరు సాక్షి భావనారాయణస్వామి సన్నిధినుండి బాపట్ల భావనారాయణస్వామి సన్నిధికి నడువుడు. ఒక పగటి నడక. కాశిలో ఇచ్చిన మాట ఊరికి వచ్చి తప్పిన మామకు ఎదురుగా, మేనల్లుని పక్షమున సాక్ష్యము చెప్ప స్వామియే తరలివచ్చెనని పొన్నూరు స్థలపురాణము. మాట నిలుచుటకై దైవమే దారి పట్టిన చోటునుండి బయలుదేరువారు మాట తప్పరాదు. దాతలు ఒప్పుకొన్న మొత్తము, వచ్చిన మొత్తము, వ్యయమైన మొత్తము పైసలతో సహా ఆ స్వామి యెదుట పైకి చదువవలెను. దారిలో తినుటకు ఎవరి దధ్యోదనము వారే కట్టుకొని పోవలెను. జోలెలో పడిన దానిలో ఒక్క కాఫీ ఖర్చు కూడ పడరాదు.

పాటలు, పరిహాసములు దాతల వీధులలో ఉండనిండు. రైతు వాకిట మాత్రము మేళము వలదు, ఫొటో వలదు. ఊరి అర్చకుని, బడిపంతులును విచారించి, కౌలురైతులను ముందుగా గుర్తించి, చీకటి పడిన పిమ్మట ఇద్దఱే పోయి ఈయవలెను. గోవర్ధనము క్రింద చేరినవారిని పట్టా చూపుడని స్వామి అడుగలేదు. బాపట్ల చేరినంత మాత్రమున యాత్ర ముగిసినదని తలంపకుడు. అటనుండి పర్చూరు వైపు పోయినచో ప్రత్తి, మిరప చేలు ఎదురగును. పలుగు, పార తీసికొని ఒక దినము పూడిన మురుగుకాలువను త్రవ్వుడు. నిలిచిన నీరు ఒక రోజు ముందు బయటికి పోయిన చేనిలో కొన్ని చెట్లైనను దక్కును. రెండవ పంటగా జొన్నకో మొక్కజొన్నకో విత్తనము కొనియిచ్చినచో రైతు మరల నాగలి పట్టును.

అక్కడ మట్టిలో జారిపడినవానిని చూచి మీరు నవ్వినను దోషము లేదు. గట్టుమీద నిలిచిన రైతు కూడ మీతో కలసి నవ్వినచో, ఆ వ్రతము ఫలించినదని తెలిసికొనుడు.