ముక్క తీసేస్తే శాకాహారమేనా?

కొరియాకి వెళ్లే శాకాహారి తెలుగువాళ్లు మొదట బట్టీపట్టే వాక్యం "గోగి ప్పె జుసెయో". మాంసం తీసేసి ఇవ్వండి అని అర్థం. బాగానే పనిచేస్తుంది. చిక్కల్లా ఏంటంటే, చెప్పినంత వరకే పనిచేస్తుంది. మెత్తటి టోఫుతో చేసే సున్‌దుబు జ్జిగేలో పంది ముక్కలు వేయకుండా తెచ్చిపెడతారు. ఆ పులుసుకి వాడిన నీళ్లు మాత్రం చాలాచోట్ల ఎండు నెత్తళ్లూ సముద్రపు నాచూ వేసి మరగబెట్టినవే. వడ్డించినావిడ మోసమేమీ చేయలేదు. చేపని వాళ్లు "ముల్‌గోగి" అంటారు, నీటి మాంసం అన్నట్టు. కానీ ఉత్తినే "గోగి" అంటే ఎవరికీ చేప గుర్తుకురాదు. మీరు గోగి వద్దన్నారు, ఆవిడ తీసేసింది.

కింఛీ సంగతీ అంతే. చూడటానికి క్యాబేజీ, కారం. లోపల మామూలుగా ఉప్పులో ఊరేసిన చిన్న రొయ్యలో, చేపల రసమో ఉంటుంది. గింబాప్‌లో హామ్ ముక్క తీయించినా గుడ్డు మిగులుతుంది. బిబింబాప్‌లో గొడ్డుమాంసం వద్దంటే మానేస్తారు, కానీ పైన వేసే గోచుజాంగ్‌ని కొన్నిచోట్ల ఆ మాంసంతోనే వేయించి ఉంచుతారు. అలాగని పస్తులేమీ ఉండక్కర్లేదు. సోయా పాలలో చల్లటి నూడుల్స్ వేసే కొంగుక్సు ఉంది, గుమ్మడికాయ జావ హోబక్‌జుక్ ఉంది, సింధూర గింజల పిండితో చేసే జెల్లీ ఉంది. సియోల్‌లో ఇన్సాదోంగ్ వైపు వెళ్తే బౌద్ధ మఠాల వంట వడ్డించే హోటళ్లున్నాయి. కాబట్టి తిండి దొరుకుతుందా అన్నది పెద్ద ప్రశ్న కాదు. ముక్క తీసేసిన ఆ పులుసు ముందు కూర్చున్నప్పుడు, అది తినొచ్చా కూడదా అని తేల్చుకోవడానికి మనకి ఒక కారణం కావాలి. ఆ కారణం మన దగ్గర ఉందా అన్నదే ప్రశ్న.

మాంసం మానడానికి మనవాళ్లు చెప్పే కారణాలు ముఖ్యంగా మూడు. హింస, శుద్ధి, ఆచారం. మామూలు రోజుల్లో మూడూ కలిసే ఉంటాయి. సాంబారన్నం ముందు వాటిని విడదీయాల్సిన అవసరం రాదు. కొరియన్ పులుసు మాత్రం విడదీస్తుంది.

హింస వద్దు అనేవాడికి, మీ గిన్నెలోంచి ముక్క తీయడం వల్ల ఏ జంతువూ బతకదు. లెక్కలోకి వచ్చేది మీరు డబ్బిచ్చి దేనికి గిరాకీ పెంచుతున్నారన్నదే. ఆ లెక్క నిజాయితీగా వేస్తే నెత్తళ్ల పులుసు కంటే ముందు మన పెరుగు దగ్గర ఆగాలి. పాడి పరిశ్రమలో మగదూడకి ఏమవుతుందో అడగాలి. వీగన్లు అడుగుతున్నది అదే, మన శాకాహారం చాలావరకు దాటేస్తున్నదీ అదే. శుద్ధి అనేవాడికి గిరాకీతో పనిలేదు. ఒక్క చుక్క పడినా గిన్నె మొత్తం పోయినట్టే. అతని భయం జంతువు గురించి కాదు, తన గురించి. ఆచారం అనేవాడు "మా ఇంట్లో తినరండీ" అంటాడు. ఇండియాలో ఎక్కడైనా సరిపోయే జవాబు అది. కొరియన్‌లోకి అనువదిస్తే మాత్రం వెంటనే "ఎందుకు తినరు?" అని మళ్లీ ప్రశ్న వస్తుంది. బౌద్ధులా, ఆరోగ్యమా, ఎలర్జీయా అని అడుగుతారు. అడిగేవాళ్లది ఉత్త కుతూహలమే. మన దగ్గరే జవాబుండదు.

మా గార్లదిన్నె వైపు దీనికి నాలుగో జవాబొకటి ఉంది. "ఈరోజు ఏం వారం?" శనివారం తినరు, కొందరు సోమవారం తినరు. శ్రావణంలో, కార్తీకంలో చాలా ఇళ్లలో ముక్క ముట్టరు. ఆదివారం వస్తే సంగటిలోకి నాటుకోడి. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన తెలుగువాళ్లలో 98 శాతం మాంసాహారులే. అంటే తెలుగు శాకాహారంలో ఎక్కువ భాగం మనుషులది కాదు, రోజులది. దీన్ని దొంగ శాకాహారమని వెక్కిరించడం తేలిక. నాకైతే అందులో ఒక మర్యాద కనిపిస్తుంది. శనివారం మానేసినవాడు పక్కింటివాడి కంటే శుద్ధమైపోయానని అనుకోడు. ఆదివారం తనూ తింటాడు కాబట్టి.

ఈ ప్రశ్న మా జిల్లాకి ఎదురు దిశలో కూడా వచ్చింది. గార్లదిన్నె నుంచి హైవే మీద అనంతపురం దాటి దక్షిణానికి పోతే పెనుకొండ దగ్గర ఎర్రమంచి వస్తుంది. 2017 ఏప్రిల్‌లో కియా అక్కడ ఫ్యాక్టరీకి ఒప్పందం చేసుకుంది, 2019లో కార్లు బయటికొచ్చాయి. చెనక్కాయ పంట వాన కోసం ఎదురుచూసే నేల మీద కొరియన్ అక్షరాల బోర్డులు వెలిశాయి. అక్కడికి వచ్చే కొరియన్ ఇంజనీరు ఏ శాకాహార హోటల్లోనో కూర్చుని మాంసం ఎందుకు లేదని అడిగాడనుకోండి. ఎవరూ కారణం చెప్పరు. బోర్డే కారణం. అదే పెనుకొండలో జైనుల పార్శ్వనాథ ఆలయం ఉంది. మాంసం ఎందుకు మానాలో ఒకప్పుడు వాదించి, కారణాలు చెప్పి ఒప్పించిన మతం అది. ఆ వాదన మనం మర్చిపోయాం, బోర్డు మాత్రం మిగిలింది.

బౌద్ధుల దగ్గర ఆ వాదన ఇంకా వినిపిస్తుంది. పాత వినయ నియమం ప్రకారం భిక్షువు కోసమే జంతువుని చంపారని అతను చూడకపోతే, వినకపోతే, అనుమానం లేకపోతే భిక్షలో పడ్డ మాంసం తినొచ్చు. పెట్టినవాళ్లని ఎంచకుండా తినడం అక్కడ విలువ. మహాయానం ఆ వెసులుబాటు తీసేసింది. కొరియన్ మఠాల వంటలో మాంసం, చేప ఉండవు. వాటితోపాటు ఐదు ఘాటు దినుసులూ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి జాతివి నాలుగు. ఐదోది "హుంగ". సంస్కృత "హింగు" చైనా మీదుగా అలా మారింది. అంటే మన ఇంగువ! ఉల్లి, వెల్లుల్లి వద్దనుకున్న మన మడి వంటింట్లో ఆ లోటు తీర్చేది ఇంగువే. అదే కారణంతో అవి మానేసిన కొరియన్ సన్యాసి జాబితాలో ఇంగువ కూడా నిషిద్ధం. మన "ప్యూర్ వెజ్" చారు ఆ మఠంలో పనికిరాదు. శుద్ధి వస్తువులో ఉంటుందనుకునేవాళ్లు ఈ ఒక్క దినుసు గురించి కాసేపు ఆలోచించాలి.

హాన్ కాంగ్ నవల "ది వెజిటేరియన్" చదివినవాళ్లకి ఇంకో తేడా తడుతుంది. 2007లో కొరియన్‌లో వచ్చిన ఆ నవలలో యంగ్‌హే ఒకరోజు మాంసం మానేస్తుంది. తండ్రి చెంప మీద కొట్టి, నోట్లో బలవంతంగా మాంసం కుక్కుతాడు. భర్తకీ చుట్టాలకీ ఆమె ఒక సమస్య అయిపోతుంది. అదే తెలుగింట్లో ఒకావిడ ముక్క మానేస్తే "ఎంత నిష్ఠో" అంటారు. కూతురు తినడం మొదలుపెడితే గొడవ. ఒకే "వద్దు"కి ఒకచోట శిక్ష, ఇంకోచోట గౌరవం. ఆ గౌరవం వంకాయ కూర ఇచ్చింది కాదు, కులం ఇచ్చింది.

ఇక్కడే నాకు అసలు సంగతి కనిపిస్తుంది. సియోల్‌లో "నేను తినను" అనేది ఒక విన్నపం. దాని ఖర్చు చెప్పినవాడే భరిస్తాడు. మెనూ వెతుక్కుంటాడు, నాలుగు వీధులు తిరుగుతాడు, ఒక్కోసారి ఉత్త అన్నం, నాచుతో సరిపెట్టుకుంటాడు. ఇక్కడ అదే మాట హుకుం. ఖర్చు ఎదుటివాడిది. శాకాహారులకే ఇల్లు అద్దెకిస్తామన్నప్పుడు ఇల్లు దొరకనిది తినేవాడికి. 2023లో ఐఐటీ బాంబే హాస్టల్ మెస్‌లో కొన్ని టేబుళ్లు శాకాహారులకే కేటాయించినప్పుడు, నిరసనగా అక్కడ కూర్చుని మాంసం తిన్నందుకు 10,000 రూపాయల జరిమానా పడింది ఒక విద్యార్థికి.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. హింస వద్దనే వీగన్ కూడా తన ఖర్చు తనే భరించి ఊరుకోవాలా? ఎవరి ప్రాణం పోతుందో ఆ జంతువుకి మాట్లాడే నోరు లేదు కదా, దాని తరఫున మనల్ని మారమని అడగొద్దా? అడగొచ్చు, అడగాలి కూడా. కానీ అడిగే వీగన్ కారణం చెప్తాడు, తన పాలగ్లాసు ముందు పక్కన పెట్టి మరీ వాదిస్తాడు. ఎదుటివాడు కాదనే వీలుంటుంది. మన బోర్డుతో వాదించలేం. పక్క టేబుల్ మీద చికెన్ ఉంటే అది వ్యథపడదు, మైలపడుతుంది.

అందుకే నా మటుకు ఆ నెత్తళ్ల పులుసు తాగను. ఎవరైనా భోజనానికి పిలిస్తే శాకాహారిని అనే బదులు మాంసం, చేప, రొయ్యలు, వాటి రసాలు తినలేనని ఒక్కొక్కటీ ముందే చెప్తాను. ఆ మాట చెప్పడానికి కొరియన్ ఫోన్‌లో రాసుకుంటే చాలు. వేరే గిన్నె, వేరే గరిటె అడగను. అదే టేబుల్ మీద, అవే పొగల మధ్య కూర్చుని తింటాను. పెరుగు ప్రశ్న మాత్రం నాకింకా తేలలేదు. తేలేవరకు అహింస పేరు వాడుకునే హక్కు నాకు లేదు, "అలవాటు" అంటాను. హైదరాబాద్ తిరిగొచ్చాక ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరైనా డబ్బా మూత తీసి "పర్లేదా అండీ?" అని నన్ను అడుగుతారు. అలా అడగాల్సింది వాళ్లు కాదు.