ఇసుక వేడిలో అరటిపండు కేకు



పావగడ తాలూకా వల్లూరు ఉన్నది కర్ణాటకలో, అయినా ఆ తాలూకా అంతటా తెలుగు వినిపిస్తుంది. అక్కడి ఎండ ఇప్పుడు కరెంటవుతోంది. వల్లూరుతో కలిపి ఐదూళ్లలో, దాదాపు 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఆ ఎండలకే ఇంట్లో అరటిపండ్లు రెండు రోజుల్లో నల్లబడతాయి. పారేయకండమ్మా! తొక్క మీద మచ్చలు పడ్డాయంటే లోపలి పిండి చక్కెరగా మారిందన్నమాట. కేకుకు అదే అదను.

ఓవెన్ లేదంటారా? ఇసుకలో శనక్కాయలు వేయించిన చేతులకు ఆ వేడి కొత్తా? పాత కుక్కర్లో అంగుళం మందాన ఇసుక పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడెక్కనివ్వండి. నీళ్లు పోయకూడదు. మెత్తగా చిదిమిన పండులో పెరుగు, నూనె, బెల్లప్పొడి, మైదా కలిపి, సోడా మాత్రం చివర్లో వేయండి. పెరుగు పులుపు తగలగానే సోడా పొంగుతుంది. ఆలస్యం చేస్తే ఆ గాలి పోయి కేకు అట్టులా అణిగిపోతుంది. పిండిని గిన్నెలో పోసి, ఆ ఇసుక మీద పెట్టి, మూత వేసి, సన్నసెగ మీద ముప్పావుగంట. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు.

పుచ్చకాయతో మాత్రం ప్రయత్నించకండి, అంతా నీళ్లే.

బేకరీ కేకులో మెరిసే టూటీఫ్రూటీ చాలావరకు పాకంలో ఊరిన పచ్చి బొప్పాయి ముక్కలే. ఈ ఆదివారం పిల్లలకు అసలు పండు రుచి చూపించండి.